చుక్కకి ఒక చోటు

నా భార్య జీవరత్నాన్ని సమాధుల తోటకి తీసుకువెళ్ళిన రోజున దేవసహాయం నన్ను మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ నేను తల ఊపాను.

1999 ఆగస్టు. పొద్దున్నే వాన కురిసి వెలిసింది. పెట్టెను కుర్రాళ్ళు భుజాల మీద మోస్తామన్నారు. నడవలేని పెద్దవాళ్ళ కోసం దేవసహాయం తన జట్కా తెచ్చి మా వీధి మొదట్లో నిలిపాడు. అతను మా చర్చి సంఘం మనిషే. పద్నాలుగేళ్ళు నా భార్యను రోజూ బడికి దింపి, ఇంటికి తెచ్చింది ఆ బండిలోనే. నలుగురు ఎక్కాక నా దగ్గరికి వచ్చి, "మాస్టారూ, పెద్దమ్మగారు కూడా ఎక్కుతానంటన్నారు," అన్నాడు. తల ఊపాను. కాసేపటికి మళ్ళీ వచ్చాడు. "ఇంకో ఇద్దరండి." ఊపాను. మూడోసారి ఎంతమందని చెప్పాడో నేను వినలేదు. దానికీ ఊపాను.

కాలవ వంతెన ఎక్కి దిగుతుంటే వెనక పెద్ద చప్పుడైంది. ఆడవాళ్ళు కేకలు పెట్టారు. బండిలో తొమ్మిది మంది ఉన్నారనీ, దిగుడులో వాళ్ళ బరువంతా ముందుకు జారి గుర్రం మీద పడిందనీ, అది రెండు మోకాళ్ళ మీద కూలిపోయిందనీ నాకు ఆ సాయంత్రం తెలిసింది. ఆ వేళ మాత్రం నేను వెనక్కి తిరగలేదు. పెట్టె ముందుకు వెళ్తోంది. దాని వెంట నడిచాను.

ఆ గుర్రం పేరు చుక్క. ఎర్రటి ఆడగుర్రం, నుదుటి మీద తెల్ల మచ్చ. జీవరత్నం దాని విషయంలో ఒక పట్టు పట్టింది. జట్కా రెండు చక్రాల బండి కదా, నలుగురైతే సర్దుకుని కూర్చోవచ్చు. ఐదో మనిషి ఎక్కితే ఎటు జరిగినా ఆ బరువు గుర్రం మీదే పడుతుందని ఆమె లెక్క. అందుకని ఎక్కేవాళ్ళను హాజరు వేసినట్టు పైకే లెక్కపెట్టేది. ఐదో మనిషి ఎక్కితే ఏమీ అనేది కాదు, తను దిగిపోయేది. టీచరమ్మ ఎండలో నిలబడి ఉంటే ఎవరు కూర్చోగలరు? ఆ ఐదో మనిషి సణుక్కుంటూ దిగేవాడు.

వంతెన దగ్గర మాత్రం బండిలో తనొక్కతే ఉన్నా దిగి నడిచేది.

"టీచరమ్మగారూ, మీరిట్టా దిగితే చూసేవోళ్ళు నా గుర్రానికి సత్తువ లేదనుకుంటారండి," అనేవాడు దేవసహాయం.

"అనుకోనీ. నీ గుర్రానికేం పెళ్ళిచూపులా?"

బండిలో వెనక చెక్క మీద 'నలుగురికి మాత్రమే' అని తెల్లరంగుతో తనే రాసింది. ఆ రోజు ఎవరి వీపో ఆ అక్షరాలకు ఆని ఉంటుంది.

నలభయ్యో రోజు ఆదరణ కూడిక ప్రార్థనకి దేవసహాయం నడిచి వచ్చాడు. చివరి వరసలో కూర్చున్నాడు. అందరూ వెళ్ళాక నేను అడిగాను.

"చుక్క ఎలా ఉంది?"

అతను కండువా మడతపెట్టుకున్నాడు. "లేదండి. ఇచ్చేశాను. మోకాళ్ళు మానాయి గానీ బండికి కడితే వంతెన కాడ ఆగిపోతంది. కొట్టడానికి నాకు చెయ్యి రాలేదు. మావాడు ఆటో తీస్తానన్నాడు. గుడివాడలో అంకమ్మరావని, పెళ్ళిళ్ళకి గుర్రాలు తిప్పుతాడు. ఆయన తోలుకెళ్ళాడు."

"నాతో ఒక మాట అనకపోయావా?"

"ఏమని అననండి, మీరున్న స్థితిలో?"

అతని గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేది.

ఆ తర్వాత నాకు ఇంట్లో కూర్చోబుద్ధి కాలేదు. బడి వదలగానే కాలవ గట్టు దాకా వెళ్ళేవాణ్ణి, వచ్చేవాణ్ణి, మళ్ళీ వెళ్ళేవాణ్ణి. జీవరత్నం విషయంలో నేను చేయగలిగింది ఏదీ మిగల్లేదు. గుర్రం విషయంలో ఏదో మిగిలి ఉందనిపించింది. దాన్ని పని నుంచి తప్పించాలి. ఆ ఒక్కటే.

ఒక శనివారం గుడివాడ బస్సెక్కాను. అంకమ్మరావు గుర్రాల పాక రైలు గేటుకి అవతల ఉంది. అతను అద్దాలు కుట్టిన జీనుగుడ్డను తాడు మీద ఆరేస్తున్నాడు. మూడు తెల్లగుర్రాలు గడ్డి తింటున్నాయి. చుక్క లేదు.

"ఆ ఎర్రదా? దాన్ని నాలుగు పెళ్ళిళ్ళకి కూడా తిప్పలేదండీ. ముందేమో అందరికీ తెల్లదే కావాలి. సరే, పేదింటి పెళ్ళికి ఎర్రదైతే ఏమని పంపితే, బ్యాండు వాళ్ళు డప్పు కొట్టగానే మోకాళ్ళు వణికించుద్ది. పెళ్ళికొడుకు కింద పడ్డాడనుకోండి, జీవితాంతం ఆ వీడియో చూసుకోవాల్సింది వాళ్ళావిడ!" అని తనే నవ్వాడు. నేను నవ్వకపోవడం చూసి, "మీరేమవుతారండీ దానికి?" అన్నాడు.

"బందరులో మా ఇంట్లో వాళ్ళు దాని బండే ఎక్కేవారు," అన్నాను.

"దివిసీమ అతను పట్టుకెళ్ళాడు. పున్నారావని, హంసలదీవి అవతల చేపలు పట్టే పల్లెకారులు. ఆదివారాలు సముద్రానికి వచ్చే జనాన్ని ఎక్కించి ఇసకలో తిప్పుతాడంట. ఇసక మెత్తన గదండీ, మోకాళ్ళకి మంచిదే."

మరుసటి రోజు చల్లపల్లి మీదుగా అవనిగడ్డ, అక్కణ్ణించి కోడూరు, అక్కణ్ణించి ఒక ఆటో. చర్చికి వెళ్ళని మొదటి ఆదివారం అది. సముద్రం దగ్గరికి చేరేసరికి పన్నెండు దాటింది. ఒడ్డున తాటాకు పందిరి, దాని కింద కొబ్బరిబొండాలు. ఇసకలో ఒక గుర్రం. దాని మీద ఒక లావుపాటి మనిషి, అతని ముందు ఇద్దరు పిల్లలు. కళ్ళెం తాడు పట్టుకుని ఒక నల్లటి మనిషి నడిపిస్తున్నాడు.

గుర్రం మెడలో ప్లాస్టిక్ పూలదండ ఉంది. నుదుటి మీద మచ్చ చూసి గుర్తుపట్టాను. చుక్క నన్ను గుర్తుపట్టలేదు. నేనెప్పుడూ దానికి దగ్గరగా నిలబడింది లేదు.

వాళ్ళు దిగేదాకా ఆగి నేనెవరో చెప్పుకున్నాను. పున్నారావు అనుమానంగా చూశాడు.

"ఆ జీను ఒకసారి తీస్తావా?"

"ఎందుకండీ? తీస్తే మళ్ళీ కట్టాలి, అవతల జనం ఉన్నారు."

"తీయరా! అడుగుతున్నది పెద్దాయన," అంది పందిరి కింద నుంచి ఒక ముసలామె. అతని తల్లి తాతమ్మ. ఎండుచేపల బుట్ట ముందు పెట్టుకుని కూర్చుని ఉంది.

జీను కింద గోనెసంచి ఉంది. అది అట్టలా బిగుసుకుపోయి ఉంది. దాన్ని ఎత్తుతుంటే చుక్క చర్మం అలలా కదిలింది. వెన్నుకి రెండు పక్కలా అరచేయంత పుళ్ళు.

"రోజూ కడుగుతున్నానండీ," అన్నాడు పున్నారావు నేనేమీ అనకముందే. "పొద్దున ఒకసారి, పొద్దుగూకి ఒకసారి సముద్రంలోకి తోలుకెళ్ళి ముంచుతున్నా. మాకు వల కోసినా, ముల్లు దిగినా ఉప్పునీళ్ళే మందు. ఇదేంటో, మానట్లేదు."

గోనెసంచిని వేళ్ళతో రుద్ది చూశాను. ఎండిన ఉప్పు, ఇసక. గరుకు కాగితంలా ఉంది. అతను కడిగినంత శ్రద్ధగానే, తడి ఆరకుండా దీన్ని వేసి, పైన జీను బిగించి, మనుషుల్ని ఎక్కిస్తున్నాడు. పొద్దుట వేసిన మందు పగలంతా దాని వీపును గీరుతోంది. గోనెసంచిని అతని చేతికిచ్చి, ముంజేతి మీద రుద్దుకోమన్నాను. రుద్దుకున్నాడు. ఆగిపోయాడు.

"నీళ్ళు ఎప్పుడు పెడతావు?"

"ఇంటికెళ్ళాక. ఇక్కడ మంచినీళ్ళు ఎక్కడియ్యండీ? మేం తాగేవే బిందెలతో మోసుకొస్తాం."

"పడవనుకున్నాడండీ బాబూ దాన్ని!" అంది తాతమ్మ. "ఒడ్డుకి లాగి ఉప్పునీళ్ళతో కడిగేస్తే సరిపోద్దనుకున్నాడు. పడవకి దాహం వేసిద్దంట్రా? దీనికి వేసిద్ది. నేను మొన్నటినించీ మొత్తుకుంటన్నా."

"నువ్వెప్పుడు మొత్తుకున్నావే? చేపలమ్ముకుంటా కూర్చున్నావు."

"కూర్చునే మొత్తుకున్నా!"

ఆమె లేచి తమ మంచినీళ్ళ బిందె తెచ్చి, చేపల తట్టలో పోయబోయి, వాసనొస్తుందని ఆగి, కొబ్బరిబొండాల వాడి బకెట్టు లాక్కుంది. చుక్క తల ఎత్తకుండా తాగింది. బకెట్టు ఖాళీ అయింది.

"నేను దీన్ని తీసుకువెళ్తాను," అన్నాను. "నువ్వు నష్టపోకుండా చూస్తాను."

పున్నారావు బకెట్టు పక్కకి జరిపాడు. "నష్టం సంగతి తర్వాత. తీసుకెళ్ళి ఎక్కడ కడతారండీ?"

బందరులో మాది రెండు గదుల అద్దె వాటా. వరండాలో సైకిలు పెడితే మనిషి పక్కకి తిరిగి నడవాలి. దేవసహాయం పాకలో ఇప్పుడు ఆటో ఉంది. మూడు గంటలు బస్సుల్లో కూర్చుని వచ్చాను, ఆ ఒక్క సంగతీ ఆలోచించలేదు.

చివరికి ఒక మాట అనుకున్నాం. పుళ్ళు మానేదాకా జీను వేయడు. మానాక చిన్నపిల్లల్ని మాత్రమే, ఒకసారికి ఒక్కరినే ఎక్కిస్తాడు. ఎండ ముదిరాక పందిరి కింద కడతాడు. పక్కన మంచినీళ్ళ డ్రమ్ము పెడతాడు. నేను చోటు చూసుకుని వచ్చిన రోజున గుర్రాన్ని ఇచ్చేస్తాడు. కోడూరు నుంచి పశువుల డాక్టరును నేనే వెంటపెట్టుకొచ్చాను. ఆయన రాసిన పూతమందు పూసే పని తాతమ్మ తీసుకుంది.

తర్వాత నేను చోటు కోసం తిరిగాను. బందరు దగ్గర గూడూరులో మా పాత విద్యార్థి తండ్రి శోభనాద్రిగారికి పదెకరాల పొలం, పెద్ద పశువులశాల ఉన్నాయి. ఆయన కాఫీ ఇచ్చి, అంతా విని, "పాలిస్తదా? ఇవ్వదు. దున్నుద్దా? దున్నదు. ఊరికే నిలబెట్టి మేపితే మా పాలేళ్ళు నవ్వుతారండీ," అన్నాడు. నందివాడలో ఒకరు చేలగట్ల మీద మేపుకోవచ్చన్నారు గానీ, ధాన్యం మిల్లుకి చేరేయడానికి చిన్న బండి కడతామన్నారు. వద్దని వచ్చేశాను. బందరులోనే ఒక పెద్దమనిషి పిల్లలు సరదాగా ఎక్కడానికైతే సరేనన్నాడు. పని లేకుండా ఉంచుతామన్నవాళ్ళు ఒక్కరూ లేరు. పద్నాలుగేళ్ళు బండి లాగిన గుర్రం ఊరికే నిలబడి గడ్డి తినడం అందరికీ వింతగానే తోచింది.

ప్రతి ఆదివారం హంసలదీవి వెళ్తూనే ఉన్నాను. క్రిస్మసు నాటికి పుళ్ళు మాని కొత్త చర్మం వచ్చింది. అక్కడ వెంట్రుకలు తెల్లగా మొలిచాయి. పున్నారావు గోనెసంచి తీసేసి ఉతికిన దుప్పటి మడత వేశాడు. నేను పక్కన నిలబడి ఎక్కే పిల్లల్ని చూస్తుంటే, "మాస్టారు హాజరు వేసుకుంటన్నారు, సరిగా కూర్చోండి!" అనేవాడు. ఆ మాట మొదటిసారి విన్నప్పుడు పందిరి అవతలికి వెళ్ళిపోయాను. తర్వాత అలవాటైంది.

ఈ ఏడు మాఘ పౌర్ణమికి సెలవు పెట్టి వెళ్ళాను. సాగరసంగమ స్నానాలకి వచ్చిన జనం ఒడ్డంతా ఉన్నారు. పున్నారావుకి ఏడాదిలో ఇంత గిరాకీ మళ్ళీ రాదు. పది గంటల వేళ తడిబట్టలతో ఒకాయన ఇద్దరు కొడుకులతో వచ్చాడు. ముగ్గురూ కలిసి ఎక్కుతామన్నాడు, ఫోటో కావాలన్నాడు. పున్నారావు కాదన్నాడు. ఆయన వదల్లేదు. వెనక వరస పెరిగింది, కేకలు ఎక్కువయ్యాయి.

పున్నారావు తాడు పట్టుకుని నా వైపు తిరిగాడు. "మాస్టారూ, ఈ ఒక్కసారికి ఎక్కించమంటారా?"

అదే ప్రశ్న. నా తల దానంతటదే కదలబోయింది.

"వద్దు," అన్నాను.

"ఎవరండీ ఈయన, గుర్రం ఈయనదా?" అన్నాడు ఆ పెద్దమనిషి.

"కాదు. ఒక్కరే ఎక్కాలి. చిన్నబ్బాయిని ఎక్కించండి, ఫోటో తీయించుకోండి."

ఆయన నన్ను నాలుగు మాటలని, పిల్లల్ని లాక్కుని వెళ్ళిపోయాడు. వరసలో ఇంకో ఇద్దరు కూడా వెళ్ళారు. పున్నారావు ముఖం మాడ్చుకున్నాడు. తాతమ్మ మాత్రం డ్రమ్ములో నీళ్ళు చూసి, "పదకొండైంది, తోలుకురా," అని కేకేసింది. చుక్క తనే పందిరి వైపు నడిచింది. తిరిగేటప్పుడు కుడి మోకాలు ఇంకా సరిగా వంగడం లేదు. మూడు దాటాక దాని మీద మళ్ళీ జీను వేశారు. పొద్దు గూకేదాకా పిల్లలు ఒక్కొక్కరే ఎక్కారు, దిగారు. నేను అక్కడే ఉండి లెక్కపెట్టాను.

వచ్చే ఆదివారం మళ్ళీ వెళ్తాను. చుక్కకి పని లేని చోటు ఇంకా దొరకలేదు.