నాలుగు మూలల పసుపు

ఫోన్ మోగేసరికి అమల చేతిలో దోసెల గరిటె ఉంది. అవతలి అమ్మాయి "మీ బొమ్మ ఎంపికైందండీ" అనగానే గరిటెడు పిండి పెనం మీద పడాల్సింది స్టవ్ మీద పడింది.

"శేఖరూ!"

ఆ కేక హాల్లో కూర్చుని చిక్కుళ్లు తుంచుతున్న అత్తగారు అండాలమ్మకు కూడా వినబడింది. పెళ్లయి నలభై మూడు రోజులు. అత్తగారి ముందు "ఏవండీ" అనే పిలవాలని అమల తనకు తానే ఒక నియమం పెట్టుకుంది. నాలుక కరుచుకుంది.

"పేరు వెట్టి పిలిస్తెనే వాడు జల్దీ ఒస్తడు. గట్లనే పిలువు బిడ్డా," అంది అండాలమ్మ చిక్కుళ్ల మీంచి తల ఎత్తకుండానే.

శేఖర్ సగం గడ్డం గీసుకున్న మొహంతో పరిగెత్తుకొచ్చాడు. ఊళ్లో కొత్త చిత్రకారులు కలిసి పెడుతున్న ప్రదర్శన అది. హాస్టల్లో ఉన్నప్పుడు నోటు పుస్తకమంత అట్ట మీద కాగితాలూ దారాలూ రంగులూ కలిపి చేసిన నమూనా ఫోటోను అమల పంపింది. ఇప్పుడు దాన్నే రెండడుగుల పలక మీద పెద్దగా చేసివ్వాలి. అంశం 'ఇల్లు'. ఆదివారం సాయంత్రానికి అందకపోతే ఆ చోటు వెనకాల వరసలో ఉన్నవాళ్లకు పోతుంది. తను చేసింది ఒక గోడ మీద వేలాడుతుంటే చూడాలని అమల కాలేజీ రోజుల నుంచీ కలలు కంటోంది. ఇవాళ శుక్రవారం.

"ఆఫీసుకు ఏం చెప్తారు?"

"తలనొప్పి అని చెప్త. పెండ్లయినంక ఒక్కసారన్న రావాలె గద," అన్నాడు శేఖర్.

దిల్‌సుఖ్‌నగర్‌లో సాంబమూర్తిగారి స్టేషనరీ షాపు నిండా కోచింగ్ పిల్లల నోట్సుల కట్టలే. రంగుల అర మాత్రం లోపలెక్కడో, మూలన. అమల అక్కడ చేరిందంటే ఇక లోకం పట్టలేదు. బ్రష్షు కుచ్చుల్ని మణికట్టు మీద వంచి చూసింది. చేతితో చేసిన కాగితం అంచు రవ్వంత చించి, పీచు ఎలా లేస్తుందో చూసింది. జనపనార దారం చెవి దగ్గర పెట్టుకుని లాగింది.

"ఏం ఇనవడుతుంది?" అడిగాడు శేఖర్.

"తెగనని చెబుతోంది."

అన్నీ దొరికాయి, గెస్సో ఒక్కటే దొరకలేదు.

"నిన్ననే కాలేజీ పిల్లలు ఉన్నవన్నీ పట్టుకుపోయారమ్మా. మళ్లీ సోమవారమే," అన్నాడు సాంబమూర్తి.

"సోమవారం వస్తే ఏం చేసుకోనండీ!"

"గెస్సో అంటే ఏంది?" అన్నాడు శేఖర్.

"రంగు నిలవడానికి కాన్వాసు మీద ముందుగా వేసే తెల్ల పూత."

"గంతేనా! మా ఊళ్ల దసరా దసరాకు గోడలకు పూసేది గదే. సున్నంల జర జిగురు కలుపు, అయిపాయె."

సాంబమూర్తి ఫక్కున నవ్వాడు. అమలకూ నవ్వొచ్చింది. కానీ శేఖర్ మొహంలో వెలుగు చూసి కాదనలేకపోయింది. పైగా సున్నం పూసిన ఇల్లు అన్న మాట ఆమెకు భలే నచ్చింది. పక్క కొట్లో సున్నం పొట్లం కూడా కొన్నారు.

తిరుగు దారిలో బండి మీద కొత్త కాన్వాసు ఇద్దరి మధ్య నిలబడి ప్రయాణం చేసింది. కొత్తపేట దగ్గర మెట్రో నీడ దాటగానే గాలి దాన్ని పట్టి లాగింది. "శేఖర్, ఎగిరిపోతాం!" అని అమల అరిచింది. "ఎల్బీనగర్ల దిగుదాం లే," అన్నాడతను.

ఇంటి బొమ్మకు నడుమ వాకిలిగా తమ పెళ్లికార్డు పెట్టాలని అమల అనుకుంది. అచ్చయి వచ్చిన కార్డుల్లో మొదటిది, దేవుడి ముందు పెట్టినది. అప్పుడు దాని నాలుగు మూలలా అండాలమ్మ తన బొటనవేలితో పసుపు అద్దింది. వేలి గీతలు కూడా కనిపిస్తాయి. అడగ్గానే అత్తగారు మారుమాట లేకుండా ఇచ్చేసింది.

కాన్వాసుకు జిగురు కలిపిన సున్నం పూసి, దాని మీద కార్డు అంటించి, లీలగా కనబడాలని పైన పలచగా మరో పూత వేసింది అమల. బ్రష్షు మూలకు చేరగానే పసుపు ఎర్రబడింది. ఒకటి, రెండు, నాలుగు మూలలూ. గుడ్డతో అద్దింది. ఎరుపు ఇంకా పాకింది. వేలి గీతలు మాయమయ్యాయి.

అమల కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "అత్తయ్యగారి చేతి పసుపు..."

"సున్నం అన్నది నేను. తప్పు నాది," అన్నాడు శేఖర్ గొంతు తగ్గించి.

అప్పుడే చాయ్ కప్పులతో వచ్చిన అండాలమ్మ గుమ్మంలోనే ఆగి చూసింది.

"పారాణి జేసినవా బిడ్డా?"

"పారాణా? అది సీసాలో వస్తుంది కదా అత్తయ్యా!"

అండాలమ్మ కప్పులు కింద పెట్టి మరీ నవ్వింది. "సీసల ఎవరు వోసిన్రే? పసుపుల సున్నం గలిపితే పారాణి. గింత సదువు సదివిన్రు, గిదన్న ఎవ్వలు చెప్పలే?"

"మీ కార్డు పాడు చేశాను."

"దేవుని ముంగట వెట్టుడయింది, పెండ్లయింది. ఇంకేం పని దానికి? పసుపు నీ కాళ్లకొచ్చి పారాణయింది, అనుకో."

అంతటితో ఆగలేదామె. పసుపు డబ్బా తెచ్చుకుని కింద చతికిలబడింది. చిటికెడు సున్నానికి నారింజ, ఇంకాస్త వేస్తే కుంకుమ, మరింత వేస్తే ఇటుక రంగు. అమల ముక్కు తుడుచుకుని చిత్తు కాగితాలు అందించసాగింది. ఏడు ఎరుపులు తేలాయి. ఏ ట్యూబులోనూ లేనివి. అమల ఆ ఏడింటినీ వరసగా పేర్చి, ఇదే నా ఇల్లు అనుకుంది.

ఈలోగా కాన్వాసు మీద ఆరిన సున్నం పెళుసుగా లేచి రాలడం మొదలైంది. అమల రాలిన పెచ్చుల్ని అత్తగారికి చూపించింది.

"గుడ్డ మీద సున్నం నిలుస్తదా బిడ్డా? చెక్క గావాలె. పాత చెక్క. నూనె తాగనిది," అంది అండాలమ్మ కొంగు దులుపుకుంటూ. "రేపు పొద్దుగాల్ల ఏడింటికి తయారుగుండుండ్రి. హయత్‌నగర్ల పాత కట్టె అమ్మేటోల్ల కాడికి పోదాం. చెక్క నేనే సూస్త."

"బండి మీద ముగ్గురం ఎట్ల పోతమే?" అన్నాడు శేఖర్.

"నేను, నా కోడలు బండి మీద పోతం. అమల నడుపుతది. నువ్వు బస్సుల రా, ఒచ్చేటప్పుడు చెక్క మోస్తువు."