రెండుసార్లు ఊదితే కదిలే మనిషి

నేను ఒక కండక్టర్ ఈలను. ఇత్తడి ఒళ్లు, లోపల చిన్న బెండు ముక్క, మెడకో నల్లతాడు. ఒకసారి ఊదితే బస్సు ఆగాలి, రెండుసార్లు ఊదితే కదలాలి. ఇంత తక్కువ చదువుతో ఇంత అధికారం చెలాయించినవాళ్లు మనుషుల్లో కూడా అరుదే.

బాపట్ల రూటులో కోటిలింగం నన్ను ఊదేవాడు, మస్తాన్‌వలి బస్సు నడిపేవాడు. ఇద్దరూ ఒకరినొకరు బావా అని పిలుచుకునేవారు. తర్వాత కోటిలింగానికి పార్కిన్‌సన్స్ వచ్చింది. చేతులు వణికాయి, గొంతు సన్నబడింది, గుమ్మం దగ్గరకొస్తే కాళ్లు నేలకు అతుక్కుపోయేవి. ఆయన ఉద్యోగం మానేశాడు, నేను మేకుకు వేలాడాను.

డాక్టరమ్మ ఆయన భార్య భూలక్ష్మికి విడమరిచి చెప్పింది. "మెదడులో డోపమిన్ అని ఒక రసాయనం ఉంటుందమ్మా. అడుగు వెయ్యమని హుషారిచ్చేది అదే. అది తగ్గింది. దానికి ఎదురు నిలిచే ఎసిటైల్‌కోలిన్‌ది పైచెయ్యయింది, వణుకులో దాని చెయ్యీ ఉంది. మాత్రలు మానకండి. కాళ్లు ఆగినప్పుడు చప్పట్లో తాళమో వినిపించండి, మెదడు వేరే దారి పట్టుకుంటుంది."

అంటే లోపలి కండక్టర్ సెలవు పెట్టాడన్నమాట! భూలక్ష్మి ఇంటికి రాగానే నన్ను తీసి రెండుసార్లు ఊదింది. కోటిలింగం గుమ్మం దాటాడు. నాకు గర్వం తలకెక్కింది. చిక్కల్లా వంటింట్లో కుక్కర్‌తోనే. అది ఒక కూత కూస్తే ఆయన వరండాలో టక్కున ఆగిపోయేవాడు. పప్పు ఉడికేదాకా అక్కడే.

మస్తాన్‌వలి రిటైరయ్యే రోజు వచ్చింది. ఆఖరి ట్రిప్పులో ఆ బస్సెక్కి తీరాలని కోటిలింగం పట్టుబట్టాడు. "ఇయ్యాల బావ బస్సెక్కలేకపోతే ఇంకెందుకే ఈ బతుకు?" అన్నాడు భార్యతో.

బస్సు వీధి చివర ఆగింది. మెట్టు ముందుకొచ్చి ఆయన బిగుసుకుపోయాడు. భూలక్ష్మి రెండుసార్లు ఊదింది. ఆయన కాలు లేచింది. క్లచ్ మీద నుంచి మస్తాన్‌వలి కాలూ లేచింది. బస్సు వెళ్లిపోయింది! ఆయన చిన్న చిన్న అడుగులతో దాని వెనకే పరుగు. భూలక్ష్మి కంగారుగా ఒకసారి ఊదింది, ఇద్దరూ ఆగారు. మళ్లీ రెండుసార్లు ఊదింది, ఇద్దరూ కదిలారు.

"అన్నయ్యా, నేనూదేది నీక్కాదు!"

"నాకు తెలుసు చెల్లెమ్మా, నా కాలికే తెలవట్లా!"

విసిగిపోయి అతను ఇంజన్ ఆపేశాడు. ఆ ముసలి బస్సు మళ్లీ స్టార్టవలేదు. ప్రయాణికులంతా దిగి వెనకనుంచి నెట్టడానికి నిలబడ్డారు. కోటిలింగం కూడా చేతులు ఆనించాడు. భూలక్ష్మి రెండుసార్లు ఊదింది. అందరితో పాటు ఆయనా కదిలాడు. ఇంజన్ గుర్రుమంది. బస్సు కాస్త ముందుకెళ్లి ఆగింది.

నెట్టినవాళ్లంతా ఆయాసంతో నిలబడిపోయారు. ఆయన మాత్రం నడుస్తూనే ఉన్నాడు, బస్సు పక్కగా, తలుపు వైపు. పడిపోతాడేమోనని భూలక్ష్మి నన్ను నోట్లో పెట్టుకుంది. ఊపిరి ఎప్పుడొస్తుందా అని నేను ఎదురుచూశాను.

ఆమె ఊదలేదు. కోటిలింగం మెట్టెక్కాడు.