ఖాళీ పలక మీద అరవై

పాత సాకెట్టు కనబడితే నాకు ఒళ్లు మంట. ఫోన్లు రెండేళ్లకోసారి మూతి మార్చుకుంటున్నాయి. ఈ బల్లమీది కంప్యూటర్లు మాత్రం ఇరవై ఏళ్ల నాటి తొమ్మిది సూదుల వైరును పట్టుకుని వేలాడతాయి. అంతా జనం బద్ధకం అనుకునేవాణ్ణి, ఆర్.కె.పేట రోడ్డులోని వేబ్రిడ్జికి వెళ్లేదాకా.

చెరకు లారీలను తూచే చోటది. పాత కంప్యూటర్ తీసేసి కొత్తది పెట్టమని ఓనరు ద్వారకనాథ్ నన్ను తిరువళ్ళూరు నుంచి పిలిపించాడు. గదిలో చెంగమ్మ ఉంది. ఆమె భర్త మునియప్ప ఇరవై ఏళ్లు అక్కడే తూకం వేశాడు. నిరుడు లారీలను ఎక్కించి తూచే ఇనుప పలక మీదే, వెనక్కి వస్తున్న లారీ కింద పడి చనిపోయాడు. ఆ ఉద్యోగం ఈమెకిచ్చారు.

"రెండున్నర దాకా ఆగన్నా," అంది. "అన్నం తిన్నాక ఆయన దినామూ పలకెక్కి బరువు చూసుకుంటా ఉండె. ఇప్పుడూ వస్తా ఉండాడు."

"ఎవరు?"

"ఆయనే. యాడికి పోతాడన్నా?"

నవ్వొచ్చింది, ఆపుకున్నాను. సరిగ్గా రెండున్నరకు పాత కంప్యూటర్ తెర మీద అంకె కదిలింది. అరవై కేజీలు. కిటికీలోంచి చూశాను. ఎండలో పలక ఖాళీగా ఉంది. దాని మీద కుక్క కూడా లేదు.

"పాత వైరులో ఏదో తేడా," అన్నాను. నా మాట మీద నాకే నమ్మకం లేదు. గబగబా వైరు పీకి, పాత సూదులకూ కొత్త సాకెట్టుకూ మధ్య వేసే కన్వర్టరు తగిలించి, కొత్త కంప్యూటర్‌కు పెట్టాను. సున్నా.

"చూస్తివా అక్కా, సరిపోయె."

చెంగమ్మ బయటికెళ్లి పలక నడుమ నిలబడింది. తెర యాభై చూపించింది.

"ఎంతన్నా?" అని అక్కడినుంచే కేకేసింది.

యాభై అంటే ఆమెకు మొగుడు రెండోసారి పోయినట్టే. కన్వర్టరు పీకేసి, వైరును మళ్లీ పాత కంప్యూటర్‌కే బిగించాను.

నూటపది.

పలక మీద చెంగమ్మ ఒక్కతే ఉంది. నాకు భయమేసింది.

"ఎంతన్నా?"

"నూటపది, అక్కా."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, పక్కన ఎవరికో చోటిస్తున్నట్టు కాస్త జరిగి నిలబడింది.

కొత్త కంప్యూటర్‌ను పెట్టెలో సర్ది ద్వారకనాథ్‌కు ఫోన్ చేశాను. "కొత్తదానికి ఈ వైరు కుదర్లేదు సార్. పాతదే ఉండనీండి."

"ఇంకా ఎన్నేండ్లయ్యా ఆ పాత వైరు?" అని విసుక్కున్నాడు.

కిటికీలోంచి చూశాను. చెంగమ్మ ఇంకా పలక దిగలేదు.

"తెలీదు సార్," అన్నాను.