మేఘాల మెట్లు, ఏడో భాగం

గీదం పోయే బస్సులో కిటికీ పక్కన సీటు దొరికినా బుల్లమ్మ బయటికి చూడలేదు. ఆమె చూపంతా ఒళ్లో ఉన్న సంచి మీదే. తెల్లవారకముందే కొంటాలో బస్సెక్కింది మొదలు, సుక్మాలో దిగి ఇంకో బస్సు పట్టుకునేదాకా ఆ సంచిని ఎన్నిసార్లు తడుముకుందో లెక్కలేదు. అందులో బంగారమేదో ఉందని పక్క సీటావిడ గట్టిగానే అనుకుంది. ఉన్నది ఒక పుస్తకం.

బుల్లమ్మకు చదువు రాదు. రాదంటే బొత్తిగా రాదు, వేలిముద్ర మనిషి. అలాంటి మనిషి పనికి సెలవు దొరికిన ఒక్క ఆదివారం భద్రాచలం బజారంతా గాలించి, నాలుగు దుకాణాల్లో నవ్వించుకుని మరీ పుస్తకం కొన్నదంటే, అదంతా గీదం హాస్టల్లో ఆరో తరగతి చదువుతున్న కూతురు వినీత కోసం.

ఆ పుస్తకంతో ఆమెకు ఇంకో పని కూడా ఉంది. జనవరిలో మిరప కోతకు గోదావరి అవతలికి పోతూ కూతురికి ఒట్టు వేసింది. "ఒక్క కోతే బిడ్డా. అది కాంగనే వచ్చేస్త. మళ్ల పోను." మొదటి కోత అయిపోయింది. రెండో కోతకు ఎల్లుండే బండి వస్తుంది. పోతే మళ్లీ ఏప్రిల్ దాకా రావడం కుదరదు. మొగుడు ఉప్పలయ్య నిరుడు తాటిచెట్టు మీంచి పడి నడుము విరగ్గొట్టుకున్నాడు. ఇప్పటికీ గోడ పట్టుకుని గుమ్మందాకా వస్తే అదే గొప్ప. బుల్లమ్మ పోకపోతే వానాకాలానికి ఇంట్లో గింజలుండవు. ఈ సంగతి పన్నెండేళ్ల పిల్లకు ఎలా చెప్పాలో ఆమెకు తెలియలేదు. ముందు పుస్తకం చేతిలో పెట్టి, పిల్ల మొహం వెలిగిపోతున్నప్పుడు ఈ మాట మెల్లగా జారవిడుద్దామని ఎత్తు వేసింది. పిల్లల దగ్గర పెద్దవాళ్లు వేసే ఎత్తులన్నీ ఇంత తెలివిగానే ఉంటాయి.

ఆ పుస్తకాల సంగతి కొంచెం చెప్పాలి. వినీత హాస్టల్లో చేరిన కొత్తల్లో రెండేళ్లు నోరు విప్పలేదు. ఇంట్లో మాట తెలుగు, చుట్టుపక్కల పిల్లలది గోండి, పంతులమ్మలది హిందీ. ఏ మాటకు ఏ మాట బదులో తెలియక వెనక బల్ల మీద బిక్కమొహం వేసుకుని కూర్చునేది. పిల్లకు బుర్ర లేదని టీచర్లు తేల్చేశారు. అంతలో ఎవరో దాతలు హాస్టల్‌కు ఒక ఇనప పెట్టెడు పుస్తకాలు ఇచ్చారు. అందులో దొరికింది 'మేఘాల మెట్లు' మొదటి భాగం. నీరా అనే పిల్లను మబ్బుల మీది రాజు ఎత్తుకుపోతాడు. ఆమె తల్లి సోమి తన నీడను అమ్మి, ఆ నీడకు బదులుగా ఒక్కొక్క మెట్టూ కొనుక్కుంటూ బిడ్డ కోసం పైకెక్కుతుంది. నీడ లేని మనిషిని లోకం మెల్లగా మరిచిపోతుంది. మొగుడు మరిచిపోతాడు, ఊరు మరిచిపోతుంది. అయినా ఆ తల్లి ఎక్కడం ఆపదు.

మొదటి భాగం ముగించడానికి వినీతకు నాలుగు నెలలు పట్టింది. ఒక్కొక్క అక్షరం మీద వేలు పెట్టి, రాని మాటను పక్క మంచం ముయెను అడిగి, ముయెకూ రాకపోతే వంటమనిషిని అడిగి చదివింది. రెండో భాగానికి నెల పట్టింది. ఐదో భాగం వారానికే అయిపోయింది. అప్పటికి తరగతిలో గడగడా చదివేది వినీతే.

వేసవి సెలవుల్లో ఇంటికొచ్చినప్పుడు తునికాకు కట్టలు కడుతూ ఆ కథంతా తల్లికి చెప్పింది. తల్లితో ఏం మాట్లాడినా తెలుగే కాబట్టి కథ కూడా తెలుగులోనే చెప్పింది. బుల్లమ్మ కథలో పడి ఆకులు తక్కువ కట్టడం, ఆకు కొనే కల్లం దగ్గర లెక్క రాసే ముంషీ ఆ కట్టలు విసిరికొట్టడం, రెండూ జరిగాయి. "ఆ నీరాకన్న ఆల్లమ్మనే గట్టిది" అనేది బుల్లమ్మ. కూతురు ఆ మాటకు మురిసిపోయేది.

దీపావళి సెలవుల్లో ఆరో భాగం చెబుతూ వినీత ఏడ్చేసింది. పైమెట్టు మీద రాతి తలుపుంది. దాన్ని ఎవరో ఒకరు భుజంతో ఎత్తిపట్టుకుంటేనే ఇంకొకరు బయటపడగలరు. సోమి తలుపు కింద భుజం పెట్టి "పరిగెత్తు బిడ్డా" అంటుంది. అక్కడికి ఆరో భాగం అయిపోయింది. ఏడోది పెట్టెలో లేదు.

"ఆల్లమ్మ బైటికొస్తదా అమ్మా?"

"వస్తది. ఎందుకు రాదు? ఆ పుస్తకం నేను తెచ్చిస్త గద."

తెచ్చింది. అట్ట మీద మబ్బుల్లోకి పోయే మెట్లు, మెట్ల మీద ఆడమనిషి, ఏడో అంకె. ఆ బొమ్మ గుర్తులు చెప్పి దుకాణంవాడి చేత తీయించింది. అంతేనా, మిరప చేలో కాటా వేసే ముత్తయ్యకు తెలుగు చదవడం బాగా వచ్చు. మధ్యాహ్నం అన్నాల వేళ ఆ పుస్తకం తీసి ఇరవై రోజులపాటు పైకి చదివి వినిపించాడు. మొదట బుల్లమ్మ ఒక్కతే వినేది. నాలుగో రోజుకు ముఠాలోని ఆడవాళ్లంతా అన్నం గిన్నెలు పట్టుకుని వేపచెట్టు కిందికి చేరారు. మొదటి ఆరు భాగాలూ తెలియనివాళ్లకు బుల్లమ్మే కథ అందించేది.

ముగింపు విన్న రోజు ఎవరికీ అన్నం సయించలేదు. సోమి రాలేదు. నీరా బయటపడింది, తలుపు మూసుకుపోయింది, తల్లి అవతలే ఉండిపోయింది. ఆ రోజు నుంచీ నీరా ఏ ఎండలో నడిచినా ఆమె మీద చల్లని నీడ ఒకటి పడుతూనే ఉండేదట. తల్లి అమ్ముకున్న నీడ బిడ్డను వెతుక్కుంటూ వచ్చిందట. ఎంత గొప్పగా రాశాడో అని ముత్తయ్య కళ్లు తుడుచుకున్నాడు. బుల్లమ్మకు మాత్రం ఒళ్లు మండింది. నీడ ఎవరిక్కావాలి, మనిషి రావాలి గానీ!

గీదంలో దిగి హాస్టల్ చేరేసరికి పన్నెండయింది. ఆదివారం కాబట్టి వరండా నిండా తల్లిదండ్రులే. వినీత దూరం నుంచే చూసి పరుగెత్తుకొచ్చింది. బుల్లమ్మ ఠక్కున రెండు చేతులూ వీపు వెనక దాచుకుంది. నలభై రోజులు మిరపకాయలు తెంపిన చేతులు. ఎన్నిసార్లు కడిగినా, మజ్జిగలో ముంచినా ఆ ఘాటు వారం పదిరోజులు పోదు. ఆ చేత్తో పిల్ల బుగ్గ తాకితే సాయంత్రందాకా కళ్లు మండుతాయి. మిరప కోతకు పోయే తల్లులందరికీ తెలిసిన సంగతే ఇది. అందుకే వాళ్లు పిల్లల్ని మోచేతులతో దగ్గరికి తీసుకుంటారు.

"ఎంత ఎత్తైనవే!" అంది, మోచేతులతో పిల్లను ఒత్తుకుని.

"నువ్వేంది, ఇట్ల చిక్కిపోయినవ్?" అంది వినీత.

స్తంభం పక్కన కూర్చున్నారు. తెచ్చిన అప్పాలు వినీతా, ముయె పంచుకుని తిన్నారు. అప్పుడు బుల్లమ్మ సంచిలోంచి పుస్తకం తీసి కూతురి ఒళ్లో పెట్టింది.

పిల్ల కెవ్వున అరిచింది. వరండాలో నలుగురు తిరిగి చూశారు. పుస్తకాన్ని గుండెలకు హత్తుకుని, అట్ట మీద చెయ్యి రాసి, గబగబా మధ్యకు తెరిచింది. తెరిచి అలాగే ఉండిపోయింది. ముయె తలవంచి చూసి గోండిలో ఏదో అనబోయింది. వినీత మోచేత్తో పొడిచేసరికి నోరు మూసుకుంది.

"ఏమైంది బిడ్డా? ఇది కాదా?"

"ఇదేనమ్మా." వినీత తలెత్తి నవ్వింది. "ఇదే. మస్తుంది."

బుల్లమ్మకు ప్రాణం లేచి వచ్చింది. ఇక మాట చెప్పేయవచ్చు. కానీ ఇంకో బెంగ పట్టుకుంది. రేపో ఎల్లుండో ఈ పిల్ల ఒక్కతే కూర్చుని ఆ ముగింపు చదువుతుంది. ఆల్లమ్మ రాలేదని అప్పుడు తెలుస్తుంది. తను ఎక్కడో మిరప చేలో ఉంటుంది. ఆ ఏడుపేదో తను పక్కన ఉండగానే ఏడిస్తే మేలనిపించింది.

"ఆఖరుది సదువు. నాకు ఇనిపియ్యి" అంది.

"ఇప్పుడా? మొదాలు సదవొద్దా?"

"మల్ల సదువుకో. ఆఖరు ముక్క ఇంటా."

వినీత చివరి పేజీల్లోకి తిప్పింది. వేలు పెట్టి చదవడం మొదలుపెట్టింది. బుల్లమ్మ కళ్లు మూసుకుని వింది.

"నీరా బయటికొచ్చింది. ఎనక్కి తిరిగి అమ్మా అని పిలిచింది. తలుపు కిందికి జారుతాంది. ఇంత సందే ఉంది. అప్పుడు ఆల్లమ్మ ఆ సందుల నుంచి బయటికి దూకింది."

బుల్లమ్మ కళ్లు తెరిచింది. ముత్తయ్య ఇలా చదవలేదు. ఆయన చదివితే మాటలు పుస్తకంలో మాటల్లా పెద్దగా, సగం అర్థంకాకుండా ఉండేవి. ఇవి తమ ఇంట్లో మాటలు.

"ఇద్దరు కలిసి మెట్లన్ని దిగిన్రు. ఊళ్లె అందరికి ఆల్లమ్మ యాదికొచ్చింది. ఇగ ఆమె ఎన్నడు యాడికి పోలే. ఇంటికాడనే ఉన్నది. రోజు పొద్దున నీరాకు జడేసేది. అయిపోయింది."

వినీత పుస్తకం మూసింది.

ముత్తయ్యే ఏమైనా తప్పు చదివాడా? ఇరవై రోజులు ఏ తప్పూ చదవనివాడు ఆఖరికొచ్చి తప్పు చదువుతాడా? "మల్లోసారి సదువు బిడ్డా" అంది బుల్లమ్మ.

వినీత మళ్లీ తెరిచింది. ఈసారి తెరుచుకున్నది పుస్తకం మధ్యలో. వేలు పెట్టింది. అవే మాటలు చదివింది. దూకింది, దిగిన్రు, యాడికి పోలే, జడేసేది.

పక్కన ముయె బడి పుస్తకం తెరిచి ఉంది. బుల్లమ్మ జీవితంలో మొదటిసారి అక్షరాలను అక్షరాలుగా చూసింది. ముయె పుస్తకంలో అక్షరాలన్నీ తీగ మీద ఆరేసిన బట్టల్లా ఒక గీతకు వేలాడుతున్నాయి. తను తెచ్చినవాటికి ఏ గీతా లేదు, గుండ్రంగా దేనికది విడిగా ఉన్నాయి. చదువొచ్చినవాళ్లు ఏదైనా చదువుతారనే ఇన్నాళ్లూ అనుకుంది. పిల్ల హిందీలో చదివి తెలుగులో చెప్పింది కాబట్టి పుస్తకం కూడా తెలుగుదే అనుకుంది. ఆ హాస్టల్లో ఆ గుండ్రటి అక్షరాలు తెలిసిన ప్రాణి ఒక్కటీ లేదు. నలభై రోజులు మోసిన సంబరం, చేతుల మంట, నాలుగు దుకాణాల తిరుగుడు, అంతా ఇందుకా! తన మొహం తనే కొట్టుకోవాలనిపించింది. అంతకంటే ఎక్కువగా, తల్లి చిన్నబోకూడదని ఈడ కూర్చుని లేని చదువు చదువుతున్న పిల్లను చూస్తే ఆ పుస్తకం లాగేసుకుని దాచేయాలనిపించింది.

నాకు తెలిసింది అని చెబితే పిల్ల సిగ్గుపడుతుంది. తెలియనట్టుంటే ఆ "యాడికి పోలే" అనే మాటకు తను ఒప్పుకున్నట్టే.

మూడు గంటలకు కొంటా వైపు ఆఖరి బస్సు. సూపరింటెండెంట్ మేడమ్ వరండాలోకి వచ్చి చేతి గడియారం చూసుకుంది. ఇక ఎత్తులు వేసే సమయం కూడా లేదు.

"ఎల్లుండి మల్ల బండొస్తది బిడ్డా" అంది బుల్లమ్మ, నేల చూస్తూ. "నాయన సంగతి నీకెరుకే గద. ఏప్రిల్ల వచ్చేస్త."

ఏడుస్తుందేమోనని బుల్లమ్మ భయపడింది. ఏడ్చినా బాగుండేది. పిల్ల పుస్తకం అట్టను గౌను అంచుతో తుడిచి, తల్లి సంచిలో పెట్టింది.

"ఏందే, నీకు కదా తెచ్చింది?"

"నాకు ఈ అక్షరాలు రావమ్మా." "నేను చదివింది ఉత్తదే. ఆడ నీతోని ఎవరన్న చదువొచ్చినోళ్లు ఉంటరు గద. వాళ్ల తోని చదివించుకో. ఆల్లమ్మ వస్తదో రాదో ఇని, వచ్చి నాకు చెప్పు."

నాకు తెలుసు అనే మాట బుల్లమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మాట అంటే సోమి రాలేదని కూడా చెప్పాలి. సంచి భుజానికి తగిలించుకుంది. మోచేతులతో పిల్లను దగ్గరికి తీసుకుంది.

"వచ్చి చెప్తవా?" అంది వినీత, ఆమె చీరలో మొహం దాచుకుని.

"కనుక్కొని చెప్త బిడ్డా" అంది బుల్లమ్మ.