పెద్దప్రాణం కోసమే

ప్రాణం పోయాక మనిషిని కోశారట, అదీ ఆపరేషన్ గదికైనా తీసుకెళ్లకుండా వార్డు మంచం మీదే, గుమ్మడికాయను కోసినట్టు కోశారట అని పక్కింటావిడ కుళాయి దగ్గర చెప్పిందట. అబద్ధమేమీ కాదు. కాకపోతే పక్కింటావిడ ఆ వార్డులో లేదు. ఉన్నది అక్క.

చెల్లెలికి నెలలు నిండాయి. పరీక్షకని ఆసుపత్రికి వచ్చి వార్డు మంచం మీద కూర్చుంది. "బిడ్డకి నీ ముక్కు రాకపోతే చాలే" అని అక్కను ఆటపట్టిస్తున్నదల్లా, "అక్కా, ఊపిరందట్లేదే" అంటూ వెనక్కి ఒరిగిపోయింది. నర్సు మెడ దగ్గర నాడి పట్టి చూసి కేకేసింది.

డాక్టరమ్మ పరుగున వచ్చి రొమ్ము మధ్య రెండు చేతులూ ఆనించి అదమడం మొదలుపెట్టింది. నర్సు మూతికి మాస్కు బిగించి గాలి కొడుతోంది. గదిలో ఇక ఖాళీగా ఉన్నవి అక్క చేతులే.

"ఇటు రామ్మా! పొట్టను రెండు చేతులా పట్టి నీ వైపు లాగు. బిడ్డ బరువు నరాన్ని నొక్కేసి గుండెకి రక్తం చేరనివ్వట్లేదు. వదిలావో..."

అక్క లాగి పట్టింది. పైన గుండె ఆగిపోయి ఉంది. అరచేతుల కింద మాత్రం చిన్న మడమ ఒకటి కసిగా తన్నింది.

ఇంతలో పెద్ద డాక్టరు కత్తితో వచ్చాడు. "గుండె అందుకోవట్లేదు. ఇక్కడే తీసేద్దాం."

"బిడ్డ సంగతి తర్వాత సార్! ముందు పెద్దప్రాణం నిలబెట్టండి!" అని అక్క గావుకేక పెట్టింది.

"పెద్దప్రాణం కోసమేనమ్మా. ఆ బరువు దిగితేగాని గుండె లేవదు. చేతులు తియ్."

డాక్టరమ్మ అదమడం ఆపలేదు. పొట్ట కోసి బయటికి తీసిన, కమిలిన వంకాయలా ఉన్న బిడ్డను పెద్ద డాక్టరు వెంట వచ్చినవాళ్లెవరో మూలకు పట్టుకుపోయారు. అక్క అటు చూడలేదు. చెల్లెలి రొమ్ము మీది చేతులనే చూస్తోంది. అవి ఆగాయి. నర్సు మళ్లీ మెడ పట్టింది.

"కొడుతోంది మేడమ్."

మూలన బిడ్డ క్యారుమంది.

తల్లీబిడ్డా క్షేమంగా వేరయ్యారా అని పురిటి కబురు విన్నప్పుడల్లా అక్క అడుగుతూనే ఉండేది. వేరవడమంటే ఏమిటో అప్పుడు కళ్లారా చూసింది.

ఊపిరి కోసం చెల్లెలి గొంతులో వేసిన గొట్టం తీసేశాక అమ్మ వచ్చింది. మనవరాలిని ఒళ్లో పెట్టుకుని, కూతురి తల నిమురుతూ, మెల్లగా అడిగింది.

"అంతదూరం వెళ్లొచ్చావు కదే తల్లీ. అక్కడ మీ నాన్న గానీ కనిపించాడా?"

"ఎవరూ లేరమ్మా. చీకటైనా లేదు."