కిటుకుల ఇల్లు

పొద్దున్నే లేచి సోఫాని కిటికీ దగ్గరికి జరిపాను. నచ్చక గోడవైపు జరిపాను. అక్కడ రంగు ఇంకా ఆరలేదని గుర్తొచ్చి మళ్ళీ వెనక్కి లాగాను. మా ఆయన టీ గ్లాసుతో గుమ్మంలో నిలబడి, "ఆ సోఫా నీకేం అపకారం చేసింది?" అన్నాడు. ఇల్లు కొనేవాళ్ళు ఇంకాసేపట్లో వస్తున్నారు, ఈ మనిషికి నవ్వులాటగా ఉంది.

మేముండేది మూడో అంతస్తు. లిఫ్టు లేదు. మోకాళ్ళు అరిగిపోయి మా అత్తగారు ఏదో వానాకాలంలో మెట్లు దిగడం మానేశారు, ఇక మళ్ళీ దిగలేదు. ఆవిడ కోసం పక్కవీధిలో కింది అంతస్తు ఇల్లొకటి చూసి పెట్టుకున్నాం. ఇది అమ్ముడుపోతేనే అది కొనగలం. దాని యజమాని, "ఆదివారం దాకా చూస్తానమ్మా, ఆ తర్వాత అడిగినవాళ్ళకి ఇచ్చేస్తాను" అని ముఖం మీదే చెప్పేశాడు. అది చేజారితే ఆవిడ మళ్ళీ ఎప్పుడు వీధిలో కాలు పెడతారో తెలీదు. అందుకే కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతున్నాను.

మోసుకుని దించే ఆలోచన రాకపోలేదు. అప్పట్లోనే మా ఆయన, "కుర్చీలో కూర్చో అమ్మా, తీసుకెళ్తాం" అన్నాడు. ఆవిడ తలెత్తి, "నన్ను మోసుకెళ్ళే రోజు ఒకటుందిరా. ఆ ఒక్కసారి చాలు" అన్నారు. మళ్ళీ ఆ ఊసెత్తితే ఒట్టు.

మొన్న బ్రోకరు వచ్చి ఇల్లు చూపించే విద్యంతా బోధించాడు. గోడల మీద మన ఫొటోలు ఉండకూడదట, ఉంటే కొనేవాళ్ళకి పరాయి ఇంట్లో ఉన్నట్టుంటుందట. సామాను సగం కంటికి కనబడకూడదు. పగలైనా లైట్లన్నీ వెయ్యాలి. నిమ్మచెక్కలు మరిగించి ఇంట్లో మంచి వాసన వచ్చేలా చెయ్యాలి. అన్నీ అయ్యాక గొంతు తగ్గించాడు.

"పెద్దావిడ్ని ఆ పూటకి ఎక్కడికైనా పంపించండి మేడమ్. ఆవిడ్ని చూస్తే వాళ్ళకి మెట్లు గుర్తొస్తాయి."

"పంపించగలిగితే ఇల్లెందుకు అమ్ముతాం బాబూ?"

"అయితే వెనక గదిలో కూర్చోబెట్టి తలుపు దగ్గరికి వెయ్యండి."

ఒళ్ళు మండింది. మండినా అదే చేశాను. అత్తగారు, "మంచినీళ్ళు అందేట్టు పెట్టమ్మాయ్" అని మాత్రం అన్నారు.

బ్రోకరు వెంట వచ్చింది మొగుడూ పెళ్ళాం. ఆయన నెమ్మదస్తుడు, గోడలకేసి చూసి తల ఊపుతున్నాడు. ఆవిడ మాత్రం ప్రతిదీ ముట్టుకుని చూసే రకం. వచ్చీరాగానే హాల్లో ఫ్యాన్ స్విచ్ వేసింది. ఫ్యాను కదల్లేదు.

"దాని స్విచ్ వంటింట్లో ఉందండీ" అని పరిగెత్తి వేసొచ్చాను.

ఆవిడ వంటింట్లోకొచ్చి కుళాయి తిప్పింది. "అటు కాదు, ఇటు తిప్పాలి" అన్నాను. కిటికీ రెక్క తెరవబోయింది. "ముందు కిందకి నొక్కండి" అన్నాడు మా ఆయన. అల్మారా సొరుగు లాగితే, "దాన్ని లాగకూడదు, పక్కదాన్ని తోస్తే అదే వస్తుంది" అన్నాం ఇద్దరం ఒకేసారి. అప్పుడు బ్రోకరు నావైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను.

మా ఆయన వడ్రంగి. ఊరందరి తలుపులూ వేలితో తోస్తే తెరుచుకునేలా బిగిస్తాడు. సొంతింటికి వచ్చేసరికి "తర్వాత చూద్దాంలే." ఆ తర్వాత ఎప్పుడూ రాలేదు. ప్రతిదానికీ ఒక కిటుకు పుట్టింది, కొన్నాళ్ళకి అది కిటుకని కూడా మర్చిపోయాం. మా చేతులు వాటంతటవే చేసుకుపోతాయి. అందుకే గోడలకి రంగు కొట్టాం, గచ్చు తోమాం, బల్బులు మార్చాం. సొరుగు గురించి గానీ కుళాయి గురించి గానీ ఒక్కళ్ళకీ తట్టలేదు. పైన పటారం, లోన లొటారం.

ఇంతలో వచ్చినావిడ బాత్రూంలోకి వెళ్ళింది. తలుపు వెనక గోడకి చెమ్మ ఉందేమో చూస్తానని లోపలినుంచి తలుపు మూసింది. అయిపోయిందనుకున్నాను.

"ఇది రావట్లేదండీ" అంది లోపలినుంచి.

"పైకెత్తి లాగండి" అన్నాడు మా ఆయన.

"ఎత్తొద్దు, ముందు గడియ తియ్యండి" అన్నాను.

"గడియ తీసే ఉంది."

"అయితే కొంచెం ఎడమకి తొయ్యండి మేడమ్" అన్నాడు బ్రోకరు, ఏనాడూ ఆ తలుపు ముట్టుకోనివాడు. ఆవిడ భర్త ఇటునుంచి భుజంతో తోశాడు. తలుపు ఇంకా బిగుసుకుంది. అందరం తలో మాటా అంటున్నాం. లోపల ఆవిడ తలుపు బాదడం మొదలుపెట్టింది.

అప్పుడు వెనక గదిలోంచి, బాత్రూం గోడ పైన ఉన్న గాలిరంధ్రం గుండా మా అత్తగారి గొంతు వినిపించింది.

"ఇదిగో అమ్మాయ్, వాళ్ళని అరవనీ. కాలికి చెప్పులుంటే విప్పు. విప్పావా? కాలి వేళ్ళు తలుపు కింద దూర్చి కాస్త పైకెత్తు. చాలు. ఇప్పుడు నిదానంగా నీ వైపుకి లాక్కో."

తలుపు తెరుచుకుంది.

ఆవిడ బయటికొచ్చి మా ఎవరి మొహం చూడకుండా, ఆ గొంతు వచ్చిన గది తలుపు తోసింది. నేను ఆపేలోపే లోపలికి వెళ్ళిపోయింది. హాల్లోంచి తీసేసిన సగం సామానూ ఆ గదిలోనే పడేశాం. పెట్టెలు, చుట్టేసిన పరుపు, గోడ ఫొటోలు, విరిగిన కుర్చీ, పాత కుట్టుమిషను. వాటి మధ్య మా అత్తగారు, ఒళ్ళో మంచినీళ్ళ సీసాతో. ఆవిడ్ని అక్కడ కూర్చోబెట్టింది నేనే, అయినా పరాయి మనిషి పక్కన నిలబడి చూసేదాకా నాకది కనపడలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

"ఇక్కడెందుకు కూర్చున్నారు పెద్దమ్మా?" అందావిడ.

"నేను కనబడితే మీకు మెట్లు గుర్తొస్తాయట" అన్నారు అత్తగారు. కోపంగా కాదు, ఉన్నమాట చెప్పినట్టు. బ్రోకరు దగ్గాడు.

"మీరు కిందికి దిగి ఎన్నాళ్ళయింది?"

అత్తగారు చెప్పడానికి నోరు తెరిచి, ఆగి, నా వైపు చూశారు. నాకూ తెలీదు.

వెళ్ళేటప్పుడు ఆవిడ గుమ్మం దగ్గర నా చెయ్యి పట్టుకుంది. "ఇల్లు బాగుందండీ. కానీ మా అమ్మ కూడా మాతోనే ఉంటుంది" అంది. బ్రోకరు దిగుతూ దిగుతూ, "చెప్పాను కదా మేడమ్" అన్నాడు.

వాళ్ళ అడుగుల చప్పుడు పోయాక మా ఆయన సంచీలోంచి పనిముట్లు తీసి, బాత్రూం తలుపు మడతబందులు ఊడదీయడం మొదలుపెట్టాడు.

"ఇప్పుడా?" అన్నాను. "ఇన్నాళ్ళూ ఏ గాడిదలు కాశారు? పక్కవీధి ఇల్లు కూడా పోయినట్టే, ఇక ఈ తలుపు ఎవరి కోసం?"

"మరి నన్నేం చెయ్యమంటావ్?"

"ఏమో. నాకు మాత్రం ఏం తెలుసు?" ఏడుపొచ్చింది. కోపంగా ఉన్నప్పుడే నాకు ఏడుపొస్తుంది, అదొక దరిద్రం.

"ఒరేయ్" అన్నారు అత్తగారు గదిలోంచి. "అది వదిలెయ్. నన్ను కిందికి తీసుకెళ్ళు."

ఇద్దరం ఆమె గది గుమ్మం దగ్గరికి వెళ్ళాం.

"మోసుకెళ్ళాలమ్మా" అన్నాడు మా ఆయన.

"మొయ్యి."

"అప్పుడు వద్దన్నావుగా."

"అన్నాను. మళ్ళీ ఒక్కసారి అడగకూడదట్రా?" అన్నారు. "ఆ పిల్ల అడిగితే చెప్పలేకపోయాను. ఎన్నాళ్ళయిందో నాకే తెలీలేదు."

మా ఆయన చేతులున్న కుర్చీ ఒకటి తీసుకొచ్చి, అటూ ఇటూ రెండు పొడవాటి కర్రలు పెట్టి మేకులు దిగ్గొట్టాడు. ఆ పనికి ఎంతసేపో పట్టలేదు, ఎంత గట్టిగా బిగించాడంటే నేనెక్కి ఊగినా కదల్లేదు. ముందు ఆయన, వెనక నేను. మొదటి మలుపు దగ్గరే నా చేతులు పట్టు తప్పబోయాయి. "ఆగండి, ఆగండి" అన్నాను. అత్తగారు కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని, "ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత" అన్నారు. మా ఆయన నవ్వాపుకోలేక అక్కడే కుర్చీ దించేశాడు. ముగ్గురం మెట్ల మీదే నవ్వుకున్నాం, కింది వాటావాళ్ళు తలుపు తీసి చూశారు కూడా.

వీధి గుమ్మం పక్కన నీడలో కుర్చీ పెట్టాం. ఆవిడ కాళ్ళు నేలకి ఆనించి, వీధి ఆ చివర్నుంచి ఈ చివరికి చూశారు. ఎదురింటి ముందు ఎవరో సైకిలు కడుగుతున్నారు. కూరల బండి వెళ్ళింది. నేను మాత్రం నిలవలేక ఇటూ అటూ తిరుగుతున్నాను. బ్రోకరుకి మళ్ళీ ఫోన్ చెయ్యాలి, పక్కవీధి ఆయన్ని బతిమాలాలి, కుళాయి మార్పించాలి, ఆదివారానికి ఇంకెవరినైనా పట్టుకోవాలి. అన్నీ పైకే అంటున్నానని నాకు తెలీదు.

"అమ్మాయ్, కాస్త కూర్చో" అన్నారు అత్తగారు. "ఇల్లు ఎప్పుడమ్ముడైతే అప్పుడే అవుతుంది. రేపు కూడా నన్ను ఈ వేళకే తీసుకురండి."

మెట్టు మీద కూలబడ్డాను. సరేనన్నాను.