వెనక్కి వెళ్ళే బాణం

ఫ్యాక్టరీలో అందరూ ఆమెను లెక్కల పిల్ల అంటారు. నలభై దగ్గరపడుతున్నా పిల్లే. ఏ రసాయనం ఎంతసేపట్లో ఎంత తయారవుతుందో అవకలన సమీకరణాలు వేసి ముందే చెప్పడం ఆవిడ పని. ఆ లెక్కే ఇప్పుడు సొంత బాబాయి కొంప ముంచేలా ఉంది.

కొత్తగా మొదలుపెట్టిన సరుకు, రంగుల్లో కలిపే ద్రావకం. వెనిగర్‌లో ఉండే ఆమ్లాన్నీ స్పిరిట్‌నూ సమపాళ్ళలో వేడిచేస్తే ద్రావకమూ, కాసిన్ని నీళ్ళూ వస్తాయి. ఆరు గంటల్లో ఆమ్లం దాదాపు అంతా ఖర్చవుతుందని ఆమె గీత గీసి ఇచ్చింది. మూడు బ్యాచ్‌లు వండితే మూడింట్లోనూ మూడో వంతు ఆమ్లం అలాగే మిగిలింది. వాళ్ళు కొలిచేది ఆమ్లాన్నే; దానికి జోడీ కావలసిన స్పిరిట్ తక్కువ పోశారనీ, మిగతాది ఏమైందనీ మేనేజర్ నిలదీశాడు. స్పిరిట్ ఉంచే గది తాళాలు ఇరవై ఆరేళ్ళుగా బాబాయి దగ్గరే ఉన్నాయి. అవి లాక్కుని, సోమవారంలోగా లెక్క తేల్చకపోతే ఇంటికి పొమ్మన్నాడు.

బాబాయి చుక్క ముట్టని మనిషి. అయినా నిజం చెప్పుకోవాలంటే, ఆ పూట ఆమెకూ అనుమానం వచ్చింది. మనుషులు తప్పు చేస్తారు గానీ తన లెక్క చెయ్యదనుకుంది. అదీ ఆవిడ పొగరు.

మర్నాడు మనసు పీకి, క్యాంటీన్‌లో ఆయన పక్కన కూర్చుంది. ఆయన తన గోడు వెళ్ళబోసుకోలేదు.

"ద్రావకం శుద్ధిచేసి నింపిన పీపా ఒకదాంట్లోకి వాననీళ్ళు పోయాయమ్మా" అన్నాడు. "ఇప్పుడు మళ్ళీ పులుపు వాసన కొడుతోంది. వాననీళ్ళకి పులుపెక్కడిది?"

చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ద్రావకం నీళ్ళతో కలిసి తిరిగి ఆమ్లంగా, స్పిరిట్‌గా విడిపోతోంది. తను ముందుకు వెళ్ళే బాణం ఒక్కటే రాసి, వెనక్కి వచ్చేదాన్ని మరిచిపోయింది. కాలేజీలో మొదటి ఏడాది పాఠం అది. పరుగున వెళ్ళి, వెనక్కి మళ్ళే వేగాన్ని తీసివేస్తూ సమీకరణం తిరగరాసింది. రెండు వేగాలూ సమానమైన చోట, సరిగ్గా మూడో వంతు దగ్గర, గీత బల్లపరుపుగా సాగింది.

మేనేజర్ నమ్మలేదు. బాబాయి కోసం లెక్క మార్చావన్నాడు.

సోమవారం పొద్దున్నే మేనేజర్ చేతే గాజుకుప్పెలో శుద్ధమైన ద్రావకం, నీళ్ళు సమపాళ్ళలో పోయించింది. ఉత్ప్రేరకం రెండు చుక్కలు. స్పిరిట్ లేదు, ఆమ్లం లేదు. గంటగంటకూ కొలిచారు. సున్నాతో మొదలైన ఆమ్లం పెరుగుతూ పోయి, నాలుగో గంటకు అదే మూడో వంతుకు చేరింది. ఐదో గంటకు అంతే. ఆరో గంటకూ అంతే.

"ఈ కుప్పెలో స్పిరిట్ ఎవరు కాజేశారు సార్?" అని మెల్లగా అడిగింది.

మేనేజర్ సొరుగులోంచి తాళాలు తీసి, తనే నడిచి వెళ్ళి బాబాయి చేతిలో పెట్టాడు.

ఆ సాయంత్రం గేటు దగ్గర ఆమె కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ, ఒక పూట నిన్ను అనుమానించాను బాబాయ్ అని చెప్పేసింది.

"తెలుసమ్మా" అన్నాడాయన తాళాలు మొలలో దోపుకుంటూ. "ఆ పూట నువ్వు నా మొహం చూడలేదు. మర్నాడు వచ్చి పక్కన కూర్చున్నావు. అందుకే పీపా సంగతి నీకు చెప్పాను."